టోపీ అంచు కింది ముఖం

మా అమ్మాయి బేస్‌బాల్‌కు దగ్గరి చుట్టమైన సాఫ్ట్‌బాల్ ఆడటం మొదలుపెట్టి మూడేళ్లయింది. మొదటి సంవత్సరమంతా ప్రతి ఆదివారం తెల్లవారుతూనే కెమెరా భుజాన వేసుకుని తార్నాక వైపున్న మైదానానికి వెళ్లి, ఒక్కో ఆటకు నాలుగైదు వందల ఫొటోలు తీసి తెచ్చేదాన్ని. ఒక రాత్రి భోజనాలయ్యాక వాటిని కంప్యూటర్‌లో చూపిస్తుంటే, తను ఒక ఫొటో దగ్గర ఆపి, "అమ్మా, ఇందులో నా మొహం ఏదీ? టోపీ ఒక్కటే కనిపిస్తోంది" అంది. చూస్తే నిజమే. ముందుకు చాచిన గ్లౌవ్ మీది కుట్లు లెక్కపెట్టవచ్చు, దానిలోకి వస్తున్న పసుపుపచ్చ బంతి కత్తితో కోసినంత స్పష్టంగా ఉంది, జెర్సీ మీది అంకె మెరుస్తోంది. టోపీ అంచు నుంచి గడ్డం దాకా మాత్రం నల్లటి నీడ పరుచుకుని ఉంది. ఆ సంవత్సరం తీసిన ఫొటోలన్నీ ఆ రాత్రి మళ్లీ తిరగేస్తే, పదింట ఎనిమిదింటిలో అదే నీడ కనిపించింది.

లోపం లెన్స్‌లో ఉందనుకున్నాను. కోఠిలో కెమెరా దుకాణాల వెంట తిరిగి 70–200 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 లెన్స్ (ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది) ధర అడిగితే లక్ష దాటి చాలా దూరం పోయింది. కొనలేక, ఒక రోజుకు అద్దెకు తెచ్చి తీశాను. వెనకనున్న చెట్లు అందంగా మసకబారాయి, పిల్లల ముఖాలు మాత్రం మునుపటిలాగే చీకట్లో ఉండిపోయాయి. నేను వెతకవలసింది ఎండ ఎటునుంచి వస్తోంది, నేనెక్కడ నిలబడ్డాను అన్న రెండు విషయాల్లోనని అప్పుడు తెలిసింది. ఆ తరువాత రెండేళ్లలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మన పిల్లల ఆటల ఫొటోలు పత్రికల్లో వచ్చేది బహు తక్కువ. టోక్యో తరువాత ప్యారిస్‌లో కనిపించకుండా పోయిన బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు తిరిగి వస్తున్నాయని మా పిల్లలు ఎంతో సంబరంగా చెప్పుకుంటారు, కానీ వాళ్లు ఆడిన ఆటకు గుర్తుగా మిగిలేది గట్టు మీద నిలబడి అమ్మలూ నాన్నలూ తీసిన ఈ కాసిన్ని ఫొటోలే. అందుకే అవి బాగుండాలని నా పట్టుదల.

మొదట ఎండ సంగతి. హైదరాబాద్ కర్కాటక రేఖకు దక్షిణాన, సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, ఏటా మే రెండో వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి సూర్యుడు మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నీడ లేని రోజు అని పత్రికలు రాసేది దాని గురించే. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ పడదు, కానీ టోపీ పెట్టుకున్న పిల్ల ముఖం పూర్తిగా నీడలోకి పోతుంది. వేసవి శిబిరాలు, పోటీలు నడిచేది సరిగ్గా ఆ మే నెల ప్రాంతంలోనే. మే నడుమ ఉదయం ఏడున్నరకు సూర్యుడు నేల అంచు నుంచి ఇరవై డిగ్రీలకు కాస్త పైన ఉంటాడు, వెలుతురు టోపీ అంచు కిందికి దూరి కళ్లదాకా చేరుతుంది. తొమ్మిదిన్నర అయ్యేసరికి యాభై డిగ్రీలు చేరుకుంటాడు, అప్పటినుంచి ముఖాలు చీకటిపడటం మొదలవుతుంది. కనుక ముఖాల కోసం నేను ఎనిమిదిన్నర లోపు తీసే ఫొటోల మీదే ఆశ పెట్టుకుంటాను. పిల్లలు ఆరున్నరకే చేరుకుంటే, ఆట మొదలుకాకముందు వాళ్లు బంతులు విసురుకునే అరగంట కూడా నాకు ఆటతో సమానం.

అంటే తొమ్మిది దాటాక కెమెరా సర్దేయమని కాదు. ఎండ నెత్తికెక్కాక ఏ క్షణాన ముఖం పైకి లేస్తుందో ఆ క్షణం కోసం కాచుకోవాలి. నేల మీద దొర్లుతూ వచ్చే బంతిని అందుకునేటప్పుడు పిల్ల తల వంచుతుంది, కనుక ముఖం దొరకదు. గాల్లోకి లేచిన బంతి కోసం పరుగెత్తేటప్పుడు గడ్డం ఆకాశం వైపు తిరుగుతుంది, వెలుతురు ముఖమంతా నిండుతుంది, నోరు కొంచెం తెరుచుకుంటుంది, కళ్లు బంతి మీదే ఉంటాయి. పరుగు తీసి చేరుకోవలసిన గుర్తు, అంటే బేస్ దగ్గర జారుతూ వచ్చే ఆటగత్తె ముఖం కూడా అలాగే పైకి తిరుగుతుంది. ఇంకొకటి కూడా గమనించాను. మన మైదానాల్లో గడ్డి లేనిచోట ఎర్రమట్టి, మొరం ఉంటాయి. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌లా నేలకు దగ్గరగా కూర్చున్నవాళ్ల ముఖం మీద ఆ మట్టి నుంచి తిరిగి వచ్చే వెలుతురు కింది నుంచి మెత్తగా పడుతుంది. అదే పచ్చిక మీద నిలబడినవాళ్లకు ఆ సాయం అందదు. ఈ వెలుతురు కొంచెం ఎరుపు పూసుకుని వస్తుంది కనుక రంగులను సరిచూసే వైట్ బ్యాలెన్స్‌ను కెమెరాకు వదిలేయకుండా పగటి వెలుతురు దగ్గర స్థిరంగా పెట్టుకుంటాను. లేకపోతే ఒకే ఆటలోని ఫొటోల్లో చర్మం రంగు ఒక్కో దాంట్లో ఒక్కోలా కనిపిస్తుంది.

ఇక నిలబడే చోటు. బ్యాటర్ నిలబడేది హోమ్ ప్లేట్ దగ్గర, ఎదురుగా పలక మీద నుంచి బంతి విసిరేది పిచర్. హోమ్ ప్లేట్ నుంచి చూస్తే కుడివైపు ఫస్ట్ బేస్, ఎదురుగా పిచర్ వెనక సెకండ్ బేస్, ఎడమవైపు థర్డ్ బేస్ ఉంటాయి. బేస్‌బాల్ నియమావళిలో ఒక సూచన ఉంది: హోమ్ ప్లేట్ నుంచి పిచర్ పలక మీదుగా సెకండ్ బేస్ దాకా గీసే గీత తూర్పు ఈశాన్య దిశగా సాగితే మంచిదని. అలా గీస్తే సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్లలో పడదు. మా మైదానంలో నడుమనున్న పిచ్‌ను క్రికెట్‌వాళ్లకు వదిలిపెట్టాలి కనుక, కోచ్ సార్ ఖాళీగా ఉన్న మూల చూసుకుని సున్నంతో గీతలు వేయిస్తారు. ఒక వారం హోమ్ ప్లేట్ తూర్పు గోడ దగ్గర ఉంటే మరో వారం పడమటి గేటు దగ్గర ఉంటుంది. అందుకని గేటు లోపలికి అడుగుపెట్టగానే ఫోన్‌లో దిక్సూచి తెరిచి, సూర్యుడు ఇప్పుడెక్కడున్నాడు, రెండు గంటల తరువాత ఎక్కడికి వస్తాడు అన్నది చూసుకుంటాను. బ్యాగు దించేది ఆ తరువాతే.

ఎండతో పాటు చూడవలసింది ఆటగత్తె చేతివాటం. కుడిచేతి వాటం బ్యాటర్ ప్లేట్‌కు థర్డ్ బేస్ వైపున నిలబడి, ఛాతీని ఫస్ట్ బేస్ వైపుకు తిప్పి ఉంచుతుంది. ఆమె ముఖం, చేతులు, బ్యాటు ఊపు అన్నీ ఒకే ఫొటోలో కావాలంటే నేను ఫస్ట్ బేస్ వైపు గీత బయట ఉండాలి. అదే కుడిచేతి పిచర్ బంతి వదిలేటప్పుడు నడుము థర్డ్ బేస్ వైపుకు తెరుచుకుంటుంది కనుక ఆమెను తీయాలంటే అవతలి పక్కకు వెళ్లాలి. ఎడమచేతి వాళ్లకు ఇదంతా తలకిందులవుతుంది. మా జట్టులో తొమ్మిది మందికి ఇద్దరు ఎడమచేతి బ్యాటర్లు. వాళ్ల వంతు ఎప్పుడు వస్తుందో స్కోరు రాసే అమ్మాయిని ముందే అడిగి ఉంచుకుని, ఒక వంతు మిగిలి ఉండగానే పక్క మారతాను. మొదటి ఏడాది ఆ ఇద్దరికీ వీపు ఫొటోలే ఇచ్చాను. ఒక అమ్మాయి వాళ్లమ్మ ఏమీ అనలేదు గానీ, ఆవిడ ఆ ఫొటోలను ఒక్కొక్కటిగా జరుపుతూ చూసిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

బ్యాటుకు బంతి తగిలే క్షణం అందరికీ కావాలి, అదే అన్నిటికన్నా కష్టం. ఎందుకు కష్టమో లెక్క వేసి చూస్తే నాకు స్పష్టమైంది. మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచర్ పలకకు, హోమ్ ప్లేట్‌కు మధ్య దూరం 43 అడుగులు, అంటే సుమారు 13.1 మీటర్లు. చిన్న వయసు పిల్లలకు ఇంకా తక్కువ ఉంటుంది. బంతి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకుంటే సెకనుకు 19 మీటర్లు దాటుతుంది, కనుక పిచర్ చేతి నుంచి బ్యాటు దాకా చేరడానికి దానికి అర సెకను పైచిలుకు మాత్రమే పడుతుంది. బ్యాటుకూ బంతికీ తాకిడి నిలిచేది సెకనులో వెయ్యో వంతు దగ్గర. నా కెమెరా సెకనుకు పది ఫొటోలు తీస్తుంది, అంటే ఒక ఫొటోకు, మరో ఫొటోకు మధ్య బంతి దాదాపు రెండు మీటర్లు ప్రయాణిస్తుంది. బటన్ నొక్కి పట్టుకుంటే ఏదో ఒకటి దొరుకుతుందన్న నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. బంతి బ్యాటుకు మీటరు ముందు ఒకటి, మీటరు వెనక ఒకటి, ఇలా ఖాళీ ఫొటోలతో కార్డు నిండుతుంది.

ఈ మాట కోచ్ సార్‌తో అన్నప్పుడు ఆయన నవ్వి, "బాల్‌ను చూడకుండ్రి మేడమ్, పిల్ల ముందటి కాలు చూడుండ్రి. కాలు నేల మీద పడ్డదంటే బ్యాటు ఎంబడే తిరుగుతది" అన్నారు. ఆ ఒక్క మాట నాకు లెన్స్ కన్నా ఎక్కువ మేలు చేసింది. బ్యాటర్ బంతిని కొట్టబోయే ముందు ముందరి కాలును కొంచెం ఎత్తి ముందుకు వేస్తుంది. ఆ పాదం నేలను తాకే సమయానికి నా వేలు కదిలితే, మెదడు నుంచి వేలికి, వేలి నుంచి షటర్‌కు పట్టే ఆలస్యం కలుపుకుని ఫొటో సరిగ్గా తాకిడి దగ్గర పడుతుంది. ఆపకుండా నొక్కి పట్టుకోవడం మానేసి మూడు నాలుగు ఫొటోల చిన్న వరసలకు పరిమితమయ్యాను. ఒక్కో అమ్మాయి లయ ఒక్కో రకం. మా అమ్మాయి కాలు తొందరగా వేసి ఆగుతుంది, ఇంకో అమ్మాయి కాలు, బ్యాటు ఒకేసారి కదులుతాయి. మొదటి వంతులో కెమెరా ఎత్తకుండా ఊరికే చూస్తాను, రెండో వంతు నుంచి తీస్తాను. అయినా ఒక ఆటలో బంతి బ్యాటు మీదున్న ఫొటో ఒకటో రెండో దొరికితే అది మంచి రోజే.

కెమెరాలో పెట్టుకోవలసినవి నిజానికి కొద్దిగానే ఉన్నాయి. షటర్ వేగం ఆటగత్తెలకు కనీసం 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, బ్యాటు ఊపుకు 1/2000. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో తిరిగే బ్యాటు కొస 1/500లో ఐదు సెంటీమీటర్లు జరుగుతుంది, 1/2000లో ఒకటింబావు సెంటీమీటరు మాత్రమే జరుగుతుంది. సాఫ్ట్‌బాల్ అడ్డుకొలత పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ కనుక, 1/500లో తీసిన బంతి సాగదీసిన నిమ్మకాయలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఫోకస్‌ను కదిలే వస్తువును వెంటాడే పద్ధతిలో ఉంచాలి. కొన్ని కెమెరాల్లో దాన్ని ఏఎఫ్-సి అంటారు, కొన్నిటిలో ఏఐ సర్వో అంటారు. ఫోకస్‌ను షటర్ బటన్ నుంచి విడదీసి వెనకనున్న బటన్‌కు ఇచ్చుకుంటే, మధ్యలో అంపైర్ అడ్డుగా నడిచినా వేలు ఎత్తేసి పాత ఫోకస్‌ను అలాగే నిలుపుకోవచ్చు. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అపర్చర్, షటర్ నేను పెట్టుకుని, సెన్సర్ వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓను కెమెరాకు వదిలేస్తాను. ఐఎస్ఓ అంకె ఎంత తక్కువైతే ఫొటో అంత శుభ్రంగా ఉంటుంది.

ఖరీదైన లెన్స్ లేని తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. మంచి ఎండలో ఎఫ్/4, 1/2000 పెట్టుకుంటే ఐఎస్ఓ 125 చాలు. కెమెరాతో పాటు వచ్చే 55–250 రకం లెన్స్ పూర్తిగా జూమ్ చేసినప్పుడు ఎఫ్/5.6 మాత్రమే ఇచ్చినా ఐఎస్ఓ 250కి మించదు. మబ్బు దేశాల్లో డబ్బు పోసి కొనుక్కునే వెలుతురును మనకు సూర్యుడు ఉచితంగా ఇస్తున్నాడు. పైగా సాఫ్ట్‌బాల్ మైదానం చిన్నది. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులే, పెద్దల బేస్‌బాల్‌లో అది 90 అడుగులు. కాబట్టి మైదానం లోపలి ఆటకు 200 నుంచి 250 మిల్లీమీటర్లు సరిపోతాయి. దూరాన నిలబడే అవుట్‌ఫీల్డ్ పిల్లల కోసం మాత్రం ఇంకా పొడవైన లెన్స్ కావాలనిపిస్తుంది. అప్పుడు నేను గీత వెంట బయటి నుంచే వాళ్ల వైపుకు నడిచి వెళ్తాను.

శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షటర్ పెట్టుకునేవారు ఒకటి గమనించాలి. చాలా కెమెరాల్లో సెన్సర్ ఫొటోను పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది, ఆ లోపల బ్యాటు తిరిగిపోతుంది కనుక తిన్నని బ్యాటు అరటి పండులా వంగి కనిపిస్తుంది. బ్యాటింగ్‌కు మెకానికల్ షటరే వాడాలి. సాయంత్రం దీపాల కింద ఆడేటప్పుడు మరో చిక్కు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి, వరసగా తీసిన ఫొటోల్లో ఒకటి వెలుగ్గా, మరొకటి మసగ్గా, పసుపుగా వస్తుంది. కెమెరాలో ఫ్లికర్ తగ్గించే సదుపాయం ఉంటే దాన్ని వాడుకోవాలి. ఫ్లాష్ మాత్రం పిల్లల కళ్లలోకి ఎన్నడూ కొట్టకూడదు.

వెనకున్నది చూడకుండా తీసిన ఫొటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. పిచర్ తల మీద నీళ్ల ట్యాంకరు, బ్యాటర్ భుజం నుంచి మొలిచినట్టు ఫ్లెక్సీ కట్టిన వెదురు బొంగు, క్యాచర్ వెనక వరసగా నిలిపిన బైకులు. వాటిని పక్కకు తొలగించలేం గానీ మనం నాలుగడుగులు జరగవచ్చు, లేదా మోకాళ్ల మీద కూర్చోవచ్చు. కిందికి దిగితే పిల్లలు ఎత్తుగా, వెనక ఆకాశంతో కనిపిస్తారు. అయితే ఆ ఆకాశపు వెలుగుకు కెమెరా మోసపోయి ముఖాలను ముదురు చేస్తుంది కనుక ఎక్స్‌పోజర్‌ను ప్లస్ వైపు మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాప్ దాకా పెంచుకోవాలి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). తెల్ల జెర్సీ మీద గీతలు చెరిగిపోతున్నాయా అన్నది మాత్రం ఒకటి రెండు ఫొటోల తరువాత తెర మీద చూసుకోవాలి. వల వెనక నుంచి తీయవలసి వస్తే లెన్స్‌ను వలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, నీడ పడిన భాగం నుంచి చూస్తే నైలాన్ దారాలు దాదాపు మాయమవుతాయి. రెండడుగులు వెనక్కు జరిగితే ఫోకస్ వలనే పట్టుకుంటుంది.

ఫస్ట్ బేస్ దగ్గర పరుగు అంటే నాకు చాలా ఇష్టం. సాఫ్ట్‌బాల్‌లో అక్కడ రెండు బేస్‌లు పక్కపక్కన ఉంటాయి, తెల్లది ఫీల్డర్‌కు, గీత బయటి నారింజ రంగుది పరుగెత్తే అమ్మాయికి. ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకోకుండా చేసిన ఏర్పాటు అది. కుడి గీత బయట, ఫస్ట్ బేస్ దాటి బాగా దూరం వెళ్లి హోమ్ ప్లేట్ వైపు తిరిగి కూర్చుంటే, నారింజ బేస్ మీదికి దూసుకొచ్చే ముఖం, చేయి చాచిన ఫీల్డర్, దూరంగా వస్తున్న బంతి ఒకే ఫొటోలో ఇముడుతాయి. అయితే గీతను ఆనుకుని, విసిరే బంతి దారిలో ఎన్నడూ ఉండకూడదు. తప్పిపోయిన బంతులన్నీ వచ్చేది అక్కడికే. ఒకసారి నేను లెన్స్‌లో మునిగి ఉండగా బంతి నా మోచేతిని రాసుకుంటూ పోయింది. అప్పటినుంచి రెండో కన్ను మూయను, అంపైర్‌ను అడిగి ఆయన చూపించిన చోటే కూర్చుంటాను.

ఇంటికి వచ్చాక ఐదు వందల ఫొటోల్లో పాతిక ఎంచుకోవడానికి నాకు రెండు గంటలు పడుతుంది. ముఖం, బంతి రెండూ ఉన్నవి మొదట పక్కన పెడతాను. బంతి లేకపోయినా ముఖంలో ఆట ఉన్నవి తరువాత తీసుకుంటాను. ముఖం లేనివి ఎంత స్పష్టంగా ఉన్నా తీసేస్తాను. కత్తిరించేటప్పుడు చీలమండల దగ్గర, మణికట్టు దగ్గర కోయను. బంతి పోయే వైపు కొంత ఖాళీ వదులుతాను. అవుటై ఏడుస్తున్న పిల్ల ఫొటో ఎంత బాగా వచ్చినా వాట్సాప్ గ్రూపులో పెట్టను, దాన్ని వాళ్లమ్మకు మాత్రమే పంపి, ఉంచాలో తీసేయాలో ఆవిడకే వదిలేస్తాను. పిల్లల పేర్లు, బడి పేరు, ఆడే చోటు ఫొటోతో కలిపి బయట ఎక్కడా రాయను. జట్టులో చేరిన కొత్త పిల్లల ఇళ్లలో ముందుగా అనుమతి అడుగుతాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. పడమటి గోడ దగ్గర హోమ్ ప్లేట్, ఎదురుగా సూర్యుడు, నేను ఫస్ట్ బేస్ వైపు మోకాళ్ల మీద ఉన్నాను. మా అమ్మాయి ముందరి కాలు ఎర్రమట్టిని తాకింది, నా వేలు కదిలింది. ఆ రాత్రి ఫొటోను పెద్దది చేసి చూస్తే బంతి బ్యాటుకు ఆనుకుని ఒక పక్క కొద్దిగా చదునై ఉంది, హెల్మెట్ కింద రెండు కళ్లూ దాని మీదే ఉన్నాయి, ఎడమ కంట్లో సూర్యుడు చిన్న చుక్కలా మెరుస్తున్నాడు. తను చాలాసేపు చూసి, "ఇది ప్రింట్ తీయించమ్మా, తాతయ్యకు పంపుదాం" అంది.